మీరే చెప్పండమ్మా, సార్ తర్వాత చెబుతారు

వెన్నుపూసకు కూడా టీబీ వస్తుందని నాకు వచ్చేదాకా తెలియదు. దగ్గు లేదు, కఫం లేదు, వీపు మధ్యలో నొప్పి, అంతే. మా గుంటూరులోనే పేరున్న ఒక ఎముకల డాక్టరు దగ్గరికి నెలల తరబడి తిరిగాం. తిరిగాం అంటే, ఆయన మా వారిని అడిగేవారు, మా వారు చెప్పేవారు, నేను పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. రాత్రుళ్ళు జాకెట్టు పిండేంత చెమట పడుతోందని, పడుకున్నా నొప్పి తగ్గట్లేదని, బాగా చిక్కిపోయానని చెప్పబోతే, "ఈ వయసు ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలేనమ్మా, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి" అన్నారు. మళ్ళీ అదే కాల్షియం, అదే నొప్పి బిళ్ళ. ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఓ రాత్రి బాత్రూంకని లేచాను. కాస్త నడిచాక చూసుకుంటే కుడి కాలికి చెప్పు లేదు. ఎప్పుడు జారిందో తెలియలేదు. కింద గచ్చు చల్లగా తగలాలి కదా, అదీ తెలియడం లేదు. గోడ పట్టుకుని మంచం దాకా వచ్చి తొడ గిల్లుకుంటూ కూర్చున్నాను. పిల్ల పెళ్ళి, అత్తయ్యగారి మందులు, నేనే మంచాన పడితే నాకెవరు చేస్తారు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. మా వారిని లేపితే ఆయన చేతులు వణికాయి. తెల్లారేదాకా ఇద్దరికీ నిద్ర లేదు.

పొద్దున్నే వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా వారు మొదలుపెట్టగానే ఆయన ఆపి, "మీరే చెప్పండమ్మా, సార్ తర్వాత చెబుతారు" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. చెప్పు జారిన సంగతి వినగానే రాయడం ఆపేసి, బోర్లా పడుకోబెట్టి ఒక్కో పూసా వేలితో తట్టుకుంటూ వచ్చారు, ఒకచోట ప్రాణం పోయినంత పనయింది. చెమటలు పడుతున్నాయా, బరువు తగ్గారా అని ఆయనే అడిగారు. ఎమ్మారై, సూదితో చీము తీసి పరీక్ష, అవన్నీ చకచకా అయిపోయాయి. రెండు పూసలు, మధ్యలో డిస్కు దెబ్బతిని చీము నరాలను నొక్కుతోందట.

మందులు ఏడాదిపాటు. వాటిలో రిఫాంపిసిన్ అనే టీబీ మందుతో మూత్రం ఎర్రగా వస్తుంది భయపడొద్దని, కళ్ళు పచ్చబడినా, రంగులు తేడాగా కనబడినా ఆగకుండా రమ్మని మొదటిరోజే చెప్పారు. నేను వాడే బిళ్ళలన్నీ కవర్లో తీసుకెళ్ళి బల్ల మీద పోస్తే, టీబీ మందు షుగర్ బిళ్ళ పని తగ్గిస్తుందని చెప్పి డోసు మార్చారు. ఆయన చల్లగా ఉండాలి.

బయట రోగులు బారులు తీరి ఉంటారు, నిజమే. కానీ రాత్రి ఎలా ఉంటోందమ్మా అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? మీరు మాత్రం వెళ్ళేముందే కాగితం మీద రాసుకోండి. బాగా నొప్పి అంటే వాళ్ళకి ఏం తెలుస్తుంది, బిందె ఎత్తలేకపోతున్నా అనండి. అసలు భయపడుతున్న సంగతి ముందే చెప్పేయండి, చీటీ చేతికొచ్చాక కాదు. పక్కన భర్త ఉన్నా కొడుకు ఉన్నా మీ ఒంటి సంగతి మీరే చెప్పండి. వినకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు నడుస్తున్నాను. మంగళగిరి పానకాల స్వామికి మొక్కుంది, మెట్లెక్కొచ్చా అని పోయిన చెకప్‌లో అడిగాను. ఇప్పుడే వద్దు, నడుం బెల్టు తీసేశాక ఘాట్ రోడ్డులో కారులో వెళ్ళి రమ్మన్నారు.