బ్యాగుల దగ్గర ఎవరు?

ఈరోజు ఆదివారం. వచ్చే నెల రెండో శనివారం మా స్కౌట్ పిల్లలకు రెండు రోజుల క్యాంపు ఉంది. తిరుపతి నుంచి మదనపల్లె పోయే దారిలో భాకరాపేట ఘాట్ దాటాక, తెలిసిన రైతన్న మామిడితోటలో టెంట్లు వేస్తాం. ముందే ఒకసారి చోటు చూసి రావాలని బయలుదేరాను. ఈసారి ఒక్కదాన్నే పోలేదు. ఎనిమిదో తరగతి అబ్బాయి, వాళ్ళమ్మ, తొమ్మిదో తరగతి పాప, వాళ్ళన్న కూడా వచ్చారు. మా ఆయన కారు తీశారు. చక్రాల కుర్చీ మడిచి డిక్కీలో పెట్టేసరికి టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ, అంటే కండరాలు మెదడు మాట సరిగ్గా వినవు. తిరుపతి బర్డ్ ఎముకల ఆస్పత్రిలో కాళ్ళకు ఆపరేషన్ అయ్యాక కర్రల మీద నాలుగడుగులు వేస్తాడు. దూరమైతే కుర్చీ కావాలి. పాపకు చూపు చాలా తక్కువ, వెలుగూ నీడా మాత్రం తెలుస్తాయి.

పోయినేడు చేసిన తప్పు రాసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. తలకోన తీసుకుపోయాం. 270 అడుగుల జలపాతం, పిల్లలంతా ఒకటే ఉరుకు. దారంతా రాళ్ళు. వాణ్ణి ఎట్లా తీసుకుపోవాలో ముందుగా ఆలోచించలేదు. చెట్టు కింద సామాను దగ్గర కూర్చోబెట్టి, "బ్యాగులన్నీ నీ బాధ్యత నాయనా, జాగ్రత్త" అన్నాను, పెద్ద పని అప్పజెప్పినట్టు. రెండున్నర గంటల తర్వాత తడిబట్టలతో తిరిగొస్తే, "ముప్పై ఒకటి మేడమ్, అన్నీ ఉండాయి" అన్నాడు. నీళ్ళ చప్పుడు వాడికి అక్కడికే వినిపిస్తా ఉండింది.

తోటలో మామిడి పూత విరగబూసింది. కారు దిగగానే పాప ఊపిరి పీల్చి, "మేడమ్, తేనెటీగలు ఎన్నున్నాయో" అంది. మాకు ఆ చప్పుడు పట్టనే లేదు. మొన్ననే దుక్కి దున్నినట్టున్నారు, మట్టి గుల్లగా ఉంది. కర్రల కింది రబ్బరు బుష్షులు రెండంగుళాలు దిగిపోయాయి. కుర్చీ ముందు చక్రాలు అడ్డం తిరిగి నిలిచిపోయాయి. రైతన్న చూసి, "గట్టు ఎంబడి టెంట్లు ఏసుకోండి మేడమ్, ఆడ నేల గట్టిగా ఉంటాది" అన్నాడు. నిజమే. వంటచోటు, మంటచోటు, టెంట్లు అన్నీ గట్టు పక్కకే మార్చుకున్నాం. వాడొక్కడి కోసం వేరే చోటు కాకుండా, అందరి చోటే మారింది.

మోటారు రూము వసారా అడుగు ఎత్తు ఉంది. వాన వస్తే అందరం అక్కడికే చేరాలి. రైతన్న నాలుగడుగుల పలక తెచ్చి వాల్చాడు. అంత ఏటవాలుగా ఉంటే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలని లెక్క చెబితే ఆయన నమ్మలేదు. కొలిచి నేల మీద గీత గీసి చూపించాను. కాసేపు తల గోక్కుని, మట్టి పోసి దిమ్మిస కొట్టిస్తానన్నాడు. ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి.

పది దాటాక ఇడ్లీలు, ఊరిబిండి పెట్టుకుని కూర్చున్నాం. వాడు ఒక ఇడ్లీ తిని చెయ్యి కడుక్కున్నాడు. నీళ్ళ బాటిల్ ముట్టుకోలేదు. ఎండ ఎక్కుతోంది, తాగరా అంటే వద్దన్నాడు. వాళ్ళమ్మ నా పక్కకు జరిగి మెల్లగా చెప్పింది: "బయటికి పోయే రోజు పొద్దున్నుంచీ నీళ్ళు తాగడు మేడమ్. బాత్రూముకు పోవాల్సొస్తే కష్టమని."

బడికి కూడా అట్లాగే వస్తాడా అని అడిగాను. తల వంచుకుంది.

లేచి నేరుగా తోటలోని బాత్రూముకు పోయి టేపు పెట్టాను. తలుపు ఇరవై ఆరు అంగుళాలు. కుర్చీ ఇరవై అయిదు. చక్రం మీద చెయ్యి వేస్తే పట్టదు. లోపల తిప్పుకునే చోటూ లేదు. ఏం చేయాలో నేనూ, మా ఆయనా, రైతన్నా తలా ఒక మాట అంటున్నాం. వాడు వెనకాల నుంచి, "మేడమ్, నన్ను చెప్పమంటారా?" అన్నాడు.

"తలుపు ఊడదీసి గుడ్డ కట్టండి. గడప దాకా బండిలో వస్తా. ఆడ నుంచి కర్రలతో రెండడుగులే కదా, పోతా. నడుమ బొక్క ఉండే ప్లాస్టిక్ కుర్చీ ఉంటాది కదా, మా ఇంట్లో ఉండేది అదే. దాన్ని బేసిన్ పైన పెడితే సాలు. గోడకు పట్టుకునేదానికి ఒక కమ్మీ."

ఇంతసేపూ వాణ్ణి అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. వెనక్కి వచ్చాక వాడు అర బాటిల్ నీళ్ళు తాగాడు. ఈరోజు నేను చూసిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

పాప సంగతి సులువుగానే తేలింది. టెంటు నుంచి బాత్రూము దాకా నడుము ఎత్తున చెట్టూ చెట్టూ కలిపి తాడు కడితే రాత్రి కూడా తనే పోగలనంది. నడిచేటప్పుడు చెయ్యి పట్టి లాగొద్దట. తనే మన మోచెయ్యి పట్టుకుంటుంది, మనం అరడుగు ముందు నడవాలి. తోట చివర ఎర్రచందనం చెట్టు ఉంటే బెరడు మీద వేళ్ళు పెట్టి చూసింది. గళ్ళు గళ్ళుగా పగిలిన బెరడు. "జూ పార్కులో మొసలి బొమ్మ ముట్టుకున్నా మేడమ్, ఇట్లే ఉంది" అంది. తర్వాత ముక్కు ఆనించి, "చందనం అంటారు, వాసనే లేదే" అని అడిగింది. ఎర్రచందనానికి వాసన ఉండదని, శేషాచలం కొండల్లో, ఆ చుట్టుపక్కల తూర్పు కనుమల్లో తప్ప ఇంకెక్కడా అడవుల్లో దాదాపు దానంతట అది పెరగదని చెప్పాను. క్యాంపులో మిగతా పిల్లలకు ఆ చెట్టు గురించి తనే చెబుతుందట. కళ్ళు మూయించి ముట్టుకోమంటుందట.

మొన్న ఒక పెద్దాయన, "వీళ్ళను అడవులకు తిప్పడం ఎందుకు మేడమ్, ఏదన్నా అయితే?" అన్నారు. భయం ఎవరికైనా ఉంటుంది, కాదనను. కానీ 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో స్కౌటింగ్, బయట క్యాంపులు, సాహస కార్యక్రమాలు అని పేరు పెట్టి రాశారు. వాటిలో వీళ్ళు పాల్గొనేటట్టు చూడాలని ఉంది. ఆరోజు నాకు మాట పెగల్లేదు. ఈసారి అడిగితే చెబుతాను.

తిరిగి వస్తుంటే ఘాట్ మలుపుల్లో అందరూ కునుకు తీశారు. రంగంపేట దాటాక వాడు ముందుకు వంగి అడిగాడు.

"మేడమ్, నేను కూడా అందరితో తిరిగితే, బ్యాగులు ఎవరు చూస్తారు?"

వెంటనే జవాబు రాలేదు. వంతులు వేస్తాను, గంటకొకరు, మొదటి గంట నాదే అన్నాను. వాడు కొంచెం ఆలోచించి, "నాక్కూడా ఒక వంతు వేయండి. ఒకటే" అన్నాడు.

ఇప్పుడు రాత్రి పదిన్నర. వంతుల పట్టీ రాశాను. వాడిది శనివారం సాయంత్రం నాలుగు నుంచి అయిదు. రేపు బజారులో తాడు, కమ్మీ కొనాలి. ప్లాస్టిక్ కుర్చీ వాళ్ళింటి నుంచి తీసుకురాకుండా కొత్తదే కొంటాను, క్యాంపు అయ్యాక బడిలో పెట్టేస్తాను.