కోట గండి దగ్గర ఒక పూట

హిందూపురం నుంచి బెంగళూరుకు నెలకొకసారైనా వెళ్తుంటాను గానీ, కె.ఆర్. మార్కెట్ పక్కనున్న కోటను ఇన్నేళ్లుగా బస్సు కిటికీలోంచి చూడడమే తప్ప లోపల అడుగుపెట్టింది లేదు. పోయిన మాఘంలో మా మేనమామకు పెళ్లిపత్రిక ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఒక పూట మిగిలింది. 1791లో టిప్పు సుల్తాన్ మీదికి వచ్చిన ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ సైన్యం పేట (గోడ లోపలి పాత ఊరు) నుంచి కోటకు సాగిన దారిలో ఒకసారి నడిచి చూద్దామనిపించి, హలసూరు గేట్ దగ్గర బయలుదేరాను.

అక్కడ గేటు లేదు. పోలీస్ స్టేషన్ పేరులో మాత్రం మిగిలింది. కెంపేగౌడ 1537లో కట్టించిన పేటకు అదొక వాకిలి. 1791 మార్చి 7న ఆ వాకిలి దగ్గర జరిగిన పోరులోనే మద్రాసు ఫిరంగి దళానికి చెందిన కర్నల్ మూర్‌హౌస్ చనిపోయాడు. ఆ ముట్టడిలో పోయిన ఇంగ్లీషువారి జ్ఞాపకార్థం కార్పొరేషన్ కూడలిలో ఒక స్తంభం ఉండేది. కన్నడ ఉద్యమకారుల ఆందోళనతో 1964లో దాన్ని తొలగించారు. మన మీద గెలిచినవారి స్తంభం మన నడివీధిలో ఎందుకన్న ఆ కోపం నాకు అర్థమవుతుంది. కాకపోతే ఆ కూడలిలో ఎంత వెతికినా, కోట కాపాడుతూ చనిపోయిన మైసూరు సైనికుల కోసం నిలిపిన రాయి ఒక్కటీ నాకు కనబడలేదు.

మార్కెట్ దాకా వచ్చాక జనంలో దారి తప్పాను. 1921లో కట్టిన ఈ మార్కెట్ ఉన్న చోట ఒకప్పుడు సిద్ధికట్టె అనే చెరువు ఉండేది. కనకాంబరాలు మూరలుగా కొలుస్తున్న ఒకామె మాట వినగానే చిత్తూరు వైపు మనిషని తెలిసి, కోట ఎక్కడని అడిగాను. “కోటనా సామీ? ఆ రోడ్డు దాటితే రాతిగోడ ఉండాది సూడు, అదే. మద్దేన్నం లోపల మంచి నీడ” అంది. ఆమెకు తెలిసిన చరిత్ర అంతే అనుకోబోయి నన్ను నేనే మందలించుకున్నాను, ఎందుకంటే నాకు తెలిసింది కూడా ముందురోజు రాత్రి చదువుకున్నదే.

1761లో హైదర్ అలీ రాతితో తిరిగి కట్టించిన కోటలో ఇప్పుడు ఢిల్లీ దర్వాజా, దాని చుట్టూ కొంత గోడ, రెండు బురుజులే మిగిలాయి. నునుపుగా చెక్కి పేర్చిన రాళ్ల సందుల్లో రావిమొలకలు తల ఎత్తుతున్నాయి. గోడకు అమర్చిన ఒక ఫలకం మీద, 1791 మార్చి 21న బ్రిటిష్ దాడి ఈ గండి గుండానే జరిగిందని ఇంగ్లీషులో చెక్కి ఉంది. ఆ వెన్నెల రాత్రి పోరాడుతూ అక్కడే చనిపోయిన కిల్లేదారు (కోట అధికారి) బహదూర్ ఖాన్ ఊసు అందులో లేదు.

మన వైపు చెరువుకు గండి పడితే పూడ్చేదాకా ఊరికి నిద్ర ఉండదు. ఇక్కడ ఏనాడో పూడిపోయిన గండిని గుర్తుపెట్టుకోమని ఒక పలక అడుగుతోంది. యుద్ధభూమిని కాపాడడంలో చిక్కంతా ఇదేననిపించింది. గుడికో మహలుకో కంటికి ఆనే రూపం ఉంటుంది. సైన్యం దూసుకొచ్చిన మేర, కందకం సాగిన మేర కాగితం మీద ఖాళీ జాగాయే, ఖాళీ జాగా అంటే ఈ నగరంలో ధర పలికే జాగా. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు కూడదని పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతుంది గానీ, ఆ కొలత మిగిలిన ముక్క నుంచే మొదలవుతుంది. పోయిన గోడకు హద్దెవరు గీస్తారు?

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ మాటే ఎత్తితే మామ నవ్వాడు. కలాసిపాళ్యం వెళ్లే దారిలో ఆయనది ఇత్తడి సామాన్ల అంగడి.

“కందకం అట్లే పెట్టుకోనుంటే నా అంగడి యాడుండు అల్లుడూ? పునాది తీసేటప్పుడు ఇంతింత రాళ్లు బయటపడినాయి. శ్రీరంగపట్నంలో రైలు కోసం టిప్పు మందుగుండు కొట్టునే ఎత్తి పక్కన పెట్టలేదా?”

అది నిజమే. మైసూరు రైలుమార్గాన్ని రెండు లైన్లు చేయడానికి 2017లో ఆ కట్టడాన్ని చెక్కుచెదరకుండా సుమారు 130 మీటర్లు జరిపారు. మంచి పనే చేశారు. కట్టడాన్ని జరపవచ్చు, గండిని జరపలేరు కదా అన్నాను. పాత కోట జాగాలో వెలసిన అంగళ్లు, ఆసుపత్రి, మెట్రో తీసేయమని నేనూ అడగను. 2012లో ఆ మెట్రో తవ్వకంలోనే పాత ఫిరంగులు బయటపడ్డాయి. మిగిలిన గోడ జోలికి పోకుండా, పోయిన గోడ, కందకం ఎక్కడెక్కడ సాగాయో నేలమీద ఒక ఇత్తడి గీతతో చూపిస్తే, దాన్ని దాటేవాళ్లకు తాము దేన్ని దాటుతున్నారో తెలుస్తుంది.

“ఇత్తడి గీతనా? నా గడప మీద కూడా పోతాదా?”

“కందకం అట్లా పోయుంటే పోతుంది మామా.”

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. “కాలికి తగలకుండా నేలకు సమంగా వేయమను. ఇత్తడి నేనే ఇస్తా, కొన్న ధరకే.”