గట్టు

వెనిస్ స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా నీళ్లు. మామూలుగా ఆటోలు, బస్సులు ఆగే చోట పడవలు ఆగి ఉన్నాయి. మా వాడు నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ సంబరం మొదటి వంతెన దాకానే. ఆ ఊళ్లో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయని ముందే చదివాను. దాదాపు ప్రతిదానికీ అటూ ఇటూ మెట్లుంటాయనీ, ఆ మెట్ల మీద స్ట్రోలర్ మోయాల్సింది మేమేననీ మాత్రం తట్టలేదు. నాలుగేళ్ల పిల్లాడు అందులోనే నిద్రపోయాడు. ముందు చక్రాలు మా ఆయన, వెనక పిడి నేను పట్టుకుని తొమ్మిది వంతెనలు దాటించాం. ఎనిమిదేళ్ల పాప తన బ్యాగు వీపున వేసుకుని ముందు నడిచింది. గది తలుపు తెరుచుకోగానే నా నోట్లోంచి వచ్చిన మాట, "హమ్మయ్య, గట్టెక్కాం."

గట్టు అంటే ఏంటని అడిగింది పాప. జర్మన్‌లో అడిగింది.

నేను కోనసీమలో వరిచేల మధ్య పుట్టిపెరిగినదాన్ని. గట్టు అంటే ఏంటని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. ఒడ్డు అన్నాను. ఒడ్డు కూడా తెలీదంది. నది పక్కన ఉండే నేల అని జర్మన్‌లో చెప్పాను. "మనం నదిలో లేం కదా" అంది. నిజమే. నాకు నీరసంగా ఉంది, దానికి ఆకలిగా ఉంది, సంగతి అక్కడితో ఆగిపోయింది. కానీ ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

మేముండేది మ్యూనిక్‌లో. పాప అక్కడే పుట్టింది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, శనివారం ఆన్‌లైన్ తెలుగు క్లాసు కూడా ఉంది. మేం చెప్పేదంతా దానికి అర్థమవుతుంది. గడప దాటితే మాత్రం జర్మన్‌లోకి మారిపోతుంది. మెట్రోలో నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతుంటే చెయ్యి పట్టుకుని "చిన్నగా, అమ్మా" అంటుంది. దాన్ని తప్పుపట్టను. మ్యూనిక్‌లో రైలు పెట్టెలో అందరూ గుసగుసగానే మాట్లాడుకుంటారు. రాత్రి పది దాటితే, ఆదివారమైతే రోజంతా, మా అపార్ట్‌మెంట్‌లో చప్పుడు చేయకూడదు. ఆ పద్ధతి నాకూ ఇష్టమే, పిల్లలు హాయిగా నిద్రపోతారు. కానీ తెలుగు పెద్ద గొంతు భాష. దాన్ని అస్తమానం గొంతు తగ్గించి మాట్లాడే పిల్లకి, అది దాచుకోవాల్సిన భాష అనిపిస్తుందేమోనని నా బెంగ.

ఇటలీకి వెళ్లింది ఆ బెంగతో కాదు. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో బడులకి మే చివర్నో జూన్ మొదట్లోనో రెండు వారాల సెలవులిస్తారు. బ్రెన్నర్ కనుమ మీదుగా రైలెక్కితే ఐదారు గంటల్లో వెరోనా. విమానం టెన్షన్ లేదు, పిల్లలు పెట్టెలో అటూ ఇటూ తిరగొచ్చు. అందుకని వెళ్లాం.

చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఊళ్లు తగ్గించుకోండి. ఫ్లోరెన్స్ వదిలేశాం, పీసా వదిలేశాం. పీసా టవర్ మీదికి ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని ఎక్కనివ్వరు, మా వాడిని కింద ఏడిపించి నేను చూడాల్సింది ఏముంది? తిండికి ఇబ్బంది పడలేదు. మెనూలో లేకపోయినా "పాస్తా ఇన్ బియాంకో" అని అడిగితే ఏ హోటల్లోనైనా వెన్నో ఆలివ్ నూనో కలిపి తెల్లటి పాస్తా చేసి పెడతారు. శాకాహారులైతే పైన చల్లే పర్మెజాన్ చీజ్ వద్దని చెప్పాలి, అందులో దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడతారు. సాయంత్రం ఏడు, ఏడున్నర దాకా చాలా హోటళ్లు తెరవరు. మ్యూనిక్‌లో ఆ వేళకి మా పిల్లల స్నేహితులు పక్కల మీదుంటారు. ఇక్కడ రాత్రి పదింటికి కూడా కూడళ్లలో పిల్లలు బంతి ఆడుతున్నారు, పక్కన బల్లల మీద నానమ్మలు కూర్చుని ఉన్నారు. మొదటిరోజు పాప గడియారం చూసుకుంది. రెండోరోజు చూసుకోలేదు.

రోమ్‌లో రెండోరోజు నావల్ల తప్పు జరిగింది. పొద్దున కొలోసియం, మధ్యాహ్నం పాంథియన్ అని పెట్టుకున్నాను. ఎండ మండిపోతోంది. కాళ్లు నొప్పిగా ఉన్నాయని పాప రెండుసార్లు చెప్పింది, ఇంకొంచెమే అంటూ లాక్కెళ్లాను. మూడోసారి అది ఫుట్‌పాత్ అంచున కూలబడి కదలనంది. నేను అరిచాను. నడిరోడ్డు మీద, పూర్తి గొంతుతో, తెలుగులో. ఏమన్నానో ఇక్కడ రాయను. అంత మాట అనాల్సింది కాదు.

అది వెంటనే ఏడవలేదు. ముందు చుట్టూ చూసింది, ఎవరు చూస్తున్నారోనని. ఎవరూ చూడటం లేదు. మా పక్కనే ఇద్దరు ఆడవాళ్లు నాకంటే పెద్దగా, చేతులూపుకుంటూ మాట్లాడుకుంటున్నారు. స్కూటరు మీదున్న కుర్రాడు పైన బాల్కనీలో ఉన్నవాళ్లతో కేకలేసి మాట్లాడుతున్నాడు. ఆ వీధిలో మా గొంతులు ఎవరికీ వింత కాదు. అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి. ఏడుస్తూనే, "నాకు కాళ్లు నొప్పెడుతున్నాయని చెప్పానుగా! రెండుసార్లు చెప్పాను! నువ్వే వినలేదు!" అని నా మీద అరిచింది. తెలుగులో. వీధిలో నిలబడి అది అంత పెద్దగా తెలుగు మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

పక్కన కూర్చుని, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. నాలుగడుగుల దూరంలో నీళ్ల పంపు ఉంది. రోమ్‌లో అలాంటి పోత ఇనుము పంపులు రెండువేలకు పైగా ఉన్నాయి, 1874 నుంచీ పెడుతున్నారు. వంకీ తిరిగిన గొట్టాన్ని చూసి వాటిని "నజోనే" అంటారు, పెద్ద ముక్కు అని. పగలూ రాత్రీ చల్లటి నీళ్లు కారుతూనే ఉంటాయి. గొట్టం మూతికి వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న బెజ్జంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, అలా పట్టుకుని తాగాలి. మా ఆయన చూపించాడు. మొహం మీద నీళ్లు పడేసరికి ఏడుపు ఆగింది. తమ్ముడి మీద కూడా కొట్టింది. పాంథియన్ ఆరోజు మానేశాం. మర్నాడు పొద్దున్నే వెళ్లాం. నలభై మూడు మీటర్ల గుమ్మటం, నడినెత్తిన తొమ్మిది మీటర్ల కంత, అందులోంచి నేల మీద పడ్డ గుండ్రటి ఎండ. మా వాడు ఆ ఎండలో కూర్చుని లేవలేదు, మేమూ లేపలేదు.

స్టేషన్లలో మా వాడు అనౌన్స్‌మెంట్లన్నీ తిరిగి అప్పజెప్పేవాడు. బినారియో, త్రేనో, మిలానో. "తాతయ్య కూడా ట్రైను అంటాడు కదా, వీళ్లు త్రేనో అంటున్నారు" అంది పాప. మాటకి చివర అచ్చు తగిలించకపోతే మన నోటికి తృప్తి ఉండదు. బస్సు, కారు, పెన్ను. తెలుగుని తూర్పు దేశపు ఇటాలియన్ అంటారని చిన్నప్పుడు బళ్లో చెబితే గొప్పగా ఫీలయ్యేవాళ్లం. వెనిస్ పక్కనున్న కియోజాలో పుట్టి, పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసి వెళ్లిన నికోలో దే కాంతి ఆ మాట అన్నాడని చెప్పుకుంటారు. అన్నాడో లేదో గానీ, రోమ్ స్టేషన్లో నా కూతురు తనంతట తాను ఆ పోలిక పట్టుకున్నందుకు నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

అక్కణ్ణుంచి మూడు గంటల్లో మిలాన్, మిలాన్ నుంచి ఇంకో గంటలో వెర్చెల్లి. ఇది నేను పట్టుబట్టి పెట్టించిన ఊరు. చాలా ఏళ్ల కిందట ఆఫీసు పని మీద మిలాన్ నుంచి టురిన్ వెళ్తూ రైలు కిటికీలోంచి వరి మళ్లు చూశాను. మొదట నా కళ్లని నేనే నమ్మలేదు. యూరప్‌లో అన్ని దేశాలకంటే ఎక్కువ వరి పండేది ఇటలీలోనే, అందులోనూ ఈ పో నది మైదానంలో. రిసొట్టోకి వాడే ఆర్బోరియో బియ్యానికి ఆ పేరు ఈ జిల్లాలోని ఒక పల్లె నుంచే వచ్చింది.

పొలాల మధ్యనున్న ఇంట్లో రెండు రాత్రులకి గది తీసుకున్నాం. పొద్దున కిటికీ తెరిస్తే కనుచూపు మేర నీళ్లు, నలుచదరాలుగా. ఆ నీళ్లలో ఆకాశం, వెనకాల మంచుతో మోంతె రోజా కొండ. నీటి పైకి వరి పచ్చగా, పొట్టిగా కనబడుతోంది. మడిలో ఒంటికాలి మీద తెల్ల కొంగ. కొండ ఒక్కటి తీసేస్తే మా ఊరే. గుండె పట్టేసినట్టయింది.

పాపని బయటికి తీసుకెళ్లాను. రెండు మళ్ల మధ్య గడ్డి మొలిచిన సన్నటి మట్టికట్ట మీద నిలబెట్టి, "ఇదే గట్టు" అన్నాను. అది కిందికి చూసింది. అటు నీళ్లు, ఇటు నీళ్లు, పాదాల కింద పొడి నేల. రెండు చేతులూ చాపి నడవడం మొదలుపెట్టింది. మా వాడు వెనక పరిగెత్తబోయి ఒక కాలు జారి మోకాలి దాకా బురదలో దిగాడు. పాప వాడి చెయ్యి పట్టుకుని పైకి లాగింది. వాడు పైకి రాగానే దానికి టక్కున వెలిగింది. నా వైపు తిరిగి, "అమ్మా, వీడు గట్టెక్కాడు!" అని అరిచింది.

అప్పుడు ఉదయం పది. కోనసీమలో మధ్యాహ్నం ఒకటిన్నర. నాన్నకి వీడియో కాల్ చేసి ఫోన్ పాప చేతికిచ్చాను. నేను మా వాడి బూటు కోసం బురదలో వెతుకుతున్నాను, కాబట్టి మాట్లాడాల్సింది అదే. ఇటలీలో ఏం చూశావని అడగలేదు ఆయన. పొలం చూపించమన్నాడు.

"ఊడ్చారా, వెదజల్లారా?"

"పొలాన్ని ఊడవడం ఏంటి తాతయ్యా?" అంది పాప. మా వైపు ఊడ్పులంటే నాట్లు. దానికి తెలిసిన ఊడవడం చీపురుతోనే. ఆయన నవ్వలేదు. ఆకుమడిలో నారు పెంచి, పీకి, కట్టలు కట్టి, వంగి ఒక్కొక్క దుబ్బూ మడిలో గుచ్చడం మొత్తం ఓపిగ్గా చెప్పాడు. అది ఇంటావిడ దగ్గరికి పరిగెత్తి, వచ్చిన కాస్త ఇంగ్లీషుతో కనుక్కుని వచ్చింది. ట్రాక్టరుతో వెదజల్లారట. ఒకప్పుడు ఏటా సరిగ్గా ఈ కాలంలోనే ఎక్కడెక్కణ్ణుంచో ఆడవాళ్లు వచ్చి, నీళ్లలో వంగి కలుపు తీసేవాళ్లట. వాళ్లని మొందీనె అంటారని ఆవిడ పాతఫోటో ఒకటి తెచ్చి చూపించింది. పాప దాన్ని ఫోన్‌కి పెట్టి చూపించింది. "చీరలు లేవు గానీ అచ్చం మన కూలీలే" అన్నాడు నాన్న, చాలాసేపు చూసి.

నీళ్లెక్కణ్ణుంచి అని అడిగాడు. పొలాల మధ్య పెద్ద కాలవ ఉంది. 1863లో మొదలుపెట్టి 1866 కల్లా తవ్వేశారు, కివాసో దగ్గర పో నది నుంచి ఎనభై కిలోమీటర్లకు పైగా. ఈ సంగతి నేను చెప్పాను. "మన ధవళేశ్వరం ఆనకట్ట 1852. మనమే ముందు" అన్నాడు వెంటనే. మా ఊరి కాలవకి ఇంకా నీళ్లు వదల్లేదట, అందరూ దానికోసమే చూస్తున్నారట.

"మడిలో నీరెంతుంది?"

పాప నా వైపు చూసింది. స్కేలు లేదంది. "స్కేలెందుకే, చెయ్యి పెట్టి చూడు" అన్నాడాయన. గట్టు మీద మోకాళ్లు వేసి, చొక్కా మడిచి, చెయ్యి నీళ్లలోకి దించింది. వేళ్లు మట్టికి తగిలాక తడి ఎక్కడి దాకా వచ్చిందో కెమెరాకి చూపించింది. నాలుగు వేళ్ల వెడల్పైతే బెత్తెడు, బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా జానెడు, మోచెయ్యి నుంచి మూరెడు. ఆయన అక్కడ తన చేత్తో చూపిస్తుంటే ఇది ఇక్కడ తన చేత్తో పెట్టి చూసుకుంది. "బెత్తెడు మీద ఒక వేలు, తాతయ్యా" అంది చివరికి. ఆయన తల ఊపాడు. ఈ ఈడు పైరుకి అంత చాలని, ఎక్కువైతే తీసెయ్యమని ఇంటావిడకి చెప్పమన్నాడు. అది వెళ్లి చెప్పింది కూడా.

తిరుగు ప్రయాణంలో మిలాన్ నుంచి వెరోనా దాకా అక్కాతమ్ముళ్లు రైల్లో కొలవని వస్తువు లేదు. బల్ల మూడు జానలు. సీటు మూరన్నర, వాడి చేత్తో అయితే రెండు మూరలు. ఇద్దరి లెక్కలూ కలవక గొడవ, పెట్టె అంతా వినబడేలా. ఎదురు సీటులో పెద్దాయన తన మోచెయ్యి కూడా చాపి కొలవమన్నాడు.

వెరోనాలో మ్యూనిక్ రైలెక్కాం. బ్రెన్నర్ దాటాక పెట్టె సద్దుమణిగింది. జర్మన్ వార్తాపత్రికలు తెరుచుకున్నాయి. పాప చుట్టూ చూసి గొంతు తగ్గించుకుంది. నాకు కొంచెం దిగులు వేసింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి నా చెవి దగ్గరకొచ్చి, గుసగుసగా అడిగింది.

"అమ్మా, ఈ కిటికీ నీ చేత్తో ఎన్ని మూరలు?"