ఎక్కడ నిలబడమంటావు, మావయ్యా?

పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. చిన్నోడు ఎల్లుండి భువనేశ్వర్‌లో ఇండియన్ ఓషన్ బ్యాండు కచేరీ చూస్తాడు. సాయంత్రం ఫోన్ చేసి "మావయ్యా, ఎక్కడ నిలబడమంటావు?" అన్నాడు. మిక్సర్ బల్ల, అదే మైకుల శబ్దమంతా కలిపి సర్దే చోటు, దాని దగ్గర నిలబడరా నాన్నా అన్నాను. ఈలోగా అక్క ఫోన్ లాక్కుని హాస్టల్ తిండి సంగతి ఎత్తింది, మాట అక్కడే తెగిపోయింది. నా జవాబు మాత్రం ఇంకా మనసులో నలుగుతూనే ఉంది.

మిక్సర్ దగ్గరే ఎందుకంటే, ఆ రాత్రి పాట ఎలా వినిపించాలో తేల్చేది అక్కడ కూర్చున్న మనిషి చెవులు. తన చెవికి బాగుండేట్టు సర్దుకుంటాడు. అతనికి రెండు మూడు గజాల్లో ఉన్నవాళ్లకే అది అచ్చంగా అందుతుంది. పక్కలకి జరిగేకొద్దీ ముందుగా పాడయ్యేది బేస్, అంటే గుమ్మనే కింది స్వరాలు. స్టేజికి చెరో వైపూ సబ్‌లు, అంటే బేస్ మోగించే పెద్ద బాక్సులు పెడతారు కదా. 60 హెర్ట్జ్ శబ్దానికి అల పొడవు సుమారు 5.7 మీటర్లు. కుడి సబ్ నుంచీ ఎడమ సబ్ నుంచీ మనకున్న దూరాల్లో తేడా అందులో సగం, అంటే 2.85 మీటర్లు ఉన్నచోట ఆ రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. మైదానం నడిమి గీత మీద తేడా సున్నా. అక్కడ బేస్ గుండెల మీద గుద్దుతుంది. మిక్సర్‌ని సరిగ్గా ఆ గీత మీదే వేశారనుకోండి, అతను బేస్ మరీ ఎక్కువైందని తగ్గించేస్తాడు. ఇక పక్కనున్న జనానికి బేస్ గిటారు వాయించే రాహుల్ రామ్ వేళ్లు కదలడం కనిపిస్తుంది గానీ స్వరం అందదు. అందుకే బల్లకి ఒకటి రెండు మీటర్లు పక్కగా నిలబడితే మేలు.

ఇదంతా సౌండ్ చెక్, అంటే కచేరీకి ముందు మైకులన్నీ వాయించి సరిచూసుకోవడం, సవ్యంగా జరిగితేనే. నా కోపమంతా అక్కడే. మన బరంపురంలో గానీ, పర్లాకిమిడిలో గానీ, రాయగడలో గానీ పెద్ద కార్యక్రమం అంటే శాలువాలకి ఉన్న టైము సౌండ్ చెక్‌కి ఉండదు. ఇలాంటి బ్యాండుకి ఎన్ని మైకులు కావాలో ఒక్కసారి లెక్కేయండి. డ్రమ్స్‌కే ఏడెనిమిది: కిక్, స్నేర్, హైహ్యాట్, టామ్‌లు, పైన రెండు. తబలాకి రెండు, కుడిచేతి దాయాకొకటి, ఎడమచేతి బాయాకొకటి. బేస్ గిటారుకి డీఐ బాక్స్ (వాయిద్యాన్ని మైకు లేకుండా నేరుగా మిక్సర్‌కి కలిపే చిన్న డబ్బా), గిటారుకి ఇంకోటి, పాడేవాళ్లకి తలా ఒకటి. పదహారు అవలీలగా అవుతాయి. ఒక్కొక్కదాన్నీ విడిగా విని, ఎంత గట్టిగా వాయించినా ఎర్రలైటు వెలగకుండా గెయిన్, అంటే మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో, పెట్టాలి. తర్వాత మానిటర్లు, అంటే వాయించేవాళ్లకి తమ శబ్దం వినిపించే బాక్సులు. ముందు వైపు శబ్దాన్నే బాగా పట్టే మామూలు కార్డియాయిడ్ మైకు సరిగ్గా తన వెనక నుంచి వచ్చేదాన్ని పట్టుకోదు, కాబట్టి మానిటర్ నేరుగా వెనక ఉండాలి. ఇంకా సన్నటి కోణంలో పట్టే సూపర్ కార్డియాయిడ్ మైకు అయితే నేరుగా వెనక కొంత పట్టుకుంటుంది. దానికి మానిటర్ వెనక పక్కగా, మైకు ముందు వైపు నుంచి 126 డిగ్రీల దగ్గర ఉండాలి. ఈ తేడా చూసుకోకపోతే గొంతు పెంచిన ప్రతిసారీ కూత. ఆ కూత పోగొట్టడానికి ఈక్వలైజర్‌లో ఒక్కో స్థాయి స్వరాన్నీ కోసుకుంటూ పోతారు, చివరికి గొంతులోని ప్రాణం కూడా పోతుంది.

ఇవన్నీ చెయ్యడానికి ఎంత చురుకైన మనుషులున్నా గంట పైనే పడుతుంది. ఆ గంటలోనే దీపం వెలిగిస్తారు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఒక్కొక్కరికీ పూలగుత్తి, ఉత్తరీయం, జ్ఞాపిక. కుర్చీలు వెయ్యడానికని మైకు స్టాండులు పక్కకి జరుపుతారు. అలా జరిపినవి మళ్లీ అదే కోణంలో నిలబడవు, తబలా మైకులైతే మరీను. పోనీ ఆ టైము చివర్లో కలుస్తుందా? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బయలు మైదానంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ మోగకూడదు. పండగలకీ ఉత్సవాలకీ రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చు, అంతే. ప్రసంగాలు తినేసిన గంట పాటల లెక్కలోంచే పోతుంది. ముప్ఫై ఏళ్లు పైబడిన బ్యాండుని పిలిచి, మూడు పాటలు తగ్గించి పంపేస్తారు.

మరో దారుణం కరెంటు. స్టేజి మీద ఒక లైన్, మిక్సర్‌కి వేరే లైన్, రెంటికీ వేర్వేరు ఎర్తింగ్. ఆ తేడా కేబుల్లోంచి పాకి 50 హెర్ట్జ్ గుయ్‌మని రొద పెడుతుంది. సరైన మందు రెంటికీ ఒకే చోటి నుంచి కరెంటు తియ్యడం, లేదా డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కి ఆ కేబుల్లో ఎర్త్ లింకుని మాత్రం విడదీయడం. అది వదిలేసి ప్లగ్గుకున్న మూడో పిన్ను పీకేసేవాళ్లున్నారు. రొద పోతుంది. ఆ యాంప్లిఫయర్‌లో కరెంటు లీకేజీ ఉంటే మాత్రం గిటారు తీగల మీద చెయ్యి, మైకుకి పెదవి తగిలిన క్షణంలో మనిషి పోవచ్చు. స్టోన్ ది క్రోస్ అనే బ్రిటిష్ బ్యాండు గిటారిస్టు లెస్ హార్వే 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టేజి మీదే కరెంటు కొట్టి చనిపోయాడు, ఎర్త్ సరిగా లేని మైకు వల్ల. యాభై ఏళ్లు దాటాక కూడా పిన్నులు పీకుతుంటే ఒళ్లు మండుతుంది.

సరే, చిన్నోడి ప్రశ్న.

మిక్సర్ అన్నానే గానీ, ఇందాకట్నుంచీ కళ్ల ముందు ఆడుతున్నది ఇండియన్ ఓషన్ పాత గాయకుడు అషీమ్ చక్రవర్తి. కింద కూర్చుని తబలా వాయిస్తూనే పాడేవారాయన. సౌండ్ వాళ్లకి అది పెద్ద పరీక్ష. నోటికీ తబలాకీ మధ్య దూరం మూరెడే, కాబట్టి గొంతు మైకులో తబలా పడుతుంది, తబలా మైకుల్లో గొంతు పడుతుంది. గొంతు పెంచితే దాయా కూడా పెరుగుతుంది. దాయా తగ్గిస్తే గొంతు సన్నబడుతుంది. బాయా గుమ్మనే కింది స్వరాలు బేస్ గిటారు స్వరాల్లో కలిసిపోతాయి. మానిటర్లో బేస్ కాస్త ఎక్కువైనా బాయా మైకు దాన్ని పట్టుకుని హోరుమంటుంది. ఇన్ని చిక్కులున్నా, ఆ గొంతూ ఆ చేతులూ విడదీయరానివిగా వినిపించేవి. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో, ఏ దెబ్బ దగ్గర మణికట్టు బాయా మీద జారుతోందో దగ్గర్నుంచి చూస్తేనే తెలిసేది. 1997లో వచ్చిన వాళ్ల డెజర్ట్ రైన్ ఆల్బమ్ లైవ్ రికార్డింగ్‌ని హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎన్నిసార్లు విన్నా ఆ సంగతి చెవికి అందదు.

2009 డిసెంబర్ 25న ఆయన పోయారు. ఆ ఒక్క మనిషి పనిని ఇద్దరు పంచుకున్నారు: పాటకి హిమాంశు జోషి, తబలాకి తుహీన్ చక్రవర్తి. 2013లో సుస్మిత్ సేన్ వెళ్లిపోయాక గిటారు నిఖిల్ రావు చేతికొచ్చింది. రాహుల్ రామ్, డ్రమ్స్ మీద అమిత్ కిలమ్ మాత్రం ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడు సౌండ్ శుభ్రంగా విడదీయవచ్చు, నిజమే. కానీ చిన్నోడు వెళ్లేది శుభ్రమైన సౌండ్ కోసమా? అది ఇంట్లోనే దొరుకుతుంది. మిక్సర్ స్టేజికి 35 మీటర్లలో ఉంటే, తబలా మీద చెయ్యి పడ్డాక సెకనులో పదో వంతుకి గానీ శబ్దం అక్కడికి చేరదు. కన్ను ముందు, చెవి వెనక. పైగా వాళ్ల పేరున్న పాట కందీసా మొదలైతే అక్కడ చుట్టూ ఉన్న జనం పాటే బ్యాండుని మించిపోతుంది.

కాబట్టి మాట మార్చుకుంటున్నాను. సగం కచేరీ ముందు వరస, తబలా వైపు. అక్కడ పెద్ద బాక్సుల శబ్దం తల మీంచి వెళ్లిపోతుంది. స్టేజి అంచున చిన్న బాక్సులు పెట్టకపోతే గొంతులు పల్చగానే వినిపిస్తాయి, అయినా ఫరవాలేదు. శబ్దం జోరు మాత్రం చూసుకోవాలి. 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు భరించవచ్చు, ఆపైన ప్రతి 3కీ ఆ టైము సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. దూది పనికిరాదు. మందుల షాపులో ఫోమ్ ప్లగ్గులు కొనుక్కోవాలి. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో నొక్కి పట్టాలి. సగం దూర్చి వదిలేస్తే పెట్టుకోనట్టే.

మిగతా సగానికి వెనక్కి, మిక్సర్ పక్కకి. ఇదంతా ఇప్పుడే మెసేజ్ పెట్టాను. తబలా ఏ వైపు వేస్తారో ముందే చెప్పలేం. గేటు తియ్యగానే స్టేజి మీద పొట్టి మైకు స్టాండులు రెండు, నేలకి దగ్గరగా ఎటున్నాయో చూసుకుని ఆ వైపుకి నడవమన్నాను.