వీపు మీద వాతావరణం వేరు

నాకు చెమట పడుతోందంటే, వీపు మీదున్న చిన్నికి చలేస్తోందని అర్థం. చంటిపిల్లతో కొండలు తిరగడం గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెప్తాను. ఎక్కేది నేను, ఆయాసం నాది, ఒళ్లు వేడెక్కేది నాకు. అదేమో దర్జాగా కూర్చుని గాలికి కాళ్లు ఊపుకుంటూ ఉంటుంది. ఇద్దరం ఒకే కొండ మీద ఉన్నా ఇద్దరి వాతావరణం ఒకటి కాదు.

మాది విశాఖపట్నం, గోపాలపట్నం వైపు. జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. అనంతగిరి, అరకు, పాడేరు నాకు పెళ్లికి ముందు నుంచీ తెలిసిన దారులే. చిన్ని కూర్చోవడం, మెడ నిలపడం బాగా వచ్చాక మళ్లీ కొండలకి వెళ్తానంటే మా అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఏటే, పాలు తాగే గుంటని కొండలంట తిప్పుతావా? అక్కడ దోమలు, ఇక్కడ దిష్టి" అంది. దోమల సంగతి నిజమే, దానికి తర్వాత వస్తాను. మా ఆయన మాత్రం ఒక్కటే అడిగాడు: "నీళ్లూ తిండీ నేను మోస్తాను, పిల్లని నువ్వు మోస్తావా?" ఆయనకి నడుం నొప్పి. ఒప్పందం కుదిరింది.

సాధన అంతా సింహాచలంలో. అడివివరం వైపు నుంచి మెట్ల దారి, వెయ్యి దాకా మెట్లు. తెల్లవారుజామున వెళ్తే నీడా ఉంటుంది, మెట్లకి పసుపు రాసుకుంటూ ఎక్కే ఆడవాళ్లూ ఉంటారు. మెట్టుకో బొట్టు పెడుతూ వెళ్లేవాళ్ల వేగమే చంటిపిల్లని మోసేవాళ్ల వేగం కూడా, కాబట్టి తోడు దొరికేది. చిన్నికి ఎంతసేపటికి విసుగొస్తుంది, ఎంతసేపటికి ఆకలేస్తుంది, పిల్లని మోసే క్యారియర్ పట్టీలు తొడల దగ్గర ఎక్కడ ఒరుసుకుంటాయి అన్నవన్నీ అక్కడే తేలాయి. ఏడ్చినా గంటలో ఇంట్లో ఉంటాం. నేరుగా అరకు వెళ్లి అక్కడ కనుక్కోవాల్సినవి కావు ఇవి.

చలికాలం ముందు చెప్తాను, ఎందుకంటే అందరూ వెళ్లేది అప్పుడే. నవంబరు నుంచి జనవరి దాకా పాడేరు దగ్గర వంజంగి కొండకి జనం తెల్లారకముందే టార్చిలైట్లతో బారులు తీరతారు. కింద లోయంతా మబ్బు నిండి ఉంటుంది, మీద నుంచి సూర్యుడు లేస్తాడు. బాగుంటుంది, కాదనను. కానీ నాలుగ్గంటలకి పిల్లని లేపి ఎముకలు కొరికే గాలిలో నిలబెట్టాల్సినంత బాగుంటుందా అంటే, నా మటుకు నాకు లేదు. మేం వెలుగొచ్చాకే బయల్దేరతాం. మబ్బు చాలా రోజులు పొద్దెక్కే దాకా నిలిచే ఉంటుంది. ఫొటోల వాళ్లు దిగిపోతుంటే మేం ఎక్కుతుంటాం.

లంబసింగి ఇంకా చల్లన. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు, కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి దిగిపోతుంది. ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది: బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యబారిపోతాడని. అలాంటి చోట పిల్లకి చలేస్తోందో లేదో చేతులు ముట్టుకుని చెప్పలేం. చంటిపిల్లల చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ వెనక నుంచి చొక్కా లోపలికి రెండు వేళ్లు పెట్టి చూడాలి. అక్కడ వెచ్చగా ఉంటే పర్లేదు. అక్కడే చల్లగా ఉంటే వెంటనే ఆగాలి, దించాలి, కాసేపు పరిగెత్తించాలి. వేలాడే కాళ్లు ఇంకో సంగతి. సీటు అంచు తొడల్ని నొక్కితే రక్తం సరిగ్గా ఆడదు, ఎన్ని మేజోళ్లు తొడిగినా పాదాలు మంచుముద్దలే. బిగుతు మేజోళ్లయితే మరీ. గ్లౌజులు దాని చేతికి రెండు నిమిషాలు కూడా ఉండవు కాబట్టి మా ఆయన మేజోళ్లు మోచేతుల దాకా తొడిగేస్తాను. అందం సంగతి వదిలెయ్యండి.

నా దగ్గరున్నది అల్యూమినియం ఫ్రేము ఉన్న క్యారియర్. పాడేరు సంతలో ఒక ముసలమ్మ దాన్ని చుట్టూ తిరిగి చూసి పకపకా నవ్వింది. "బిడ్డని కుర్చీలో కూసోబెట్టి, కుర్చీని మోస్తన్నావేటమ్మా?" ఆవిడ కోడలు పక్కనే ఉంది. చీరముక్కతో బిడ్డని వీపుకి కట్టుకుని పసుపు కొమ్ములు బేరమాడుతోంది. బిడ్డ నిద్రలో ఉంది. అక్కడే నుంచుని ఆలోచించాను. గుడ్డకట్టులో బిడ్డ పొట్ట తల్లి వీపుకి అంటుకుని ఉంటుంది. తల్లి ఒళ్లు వేడెక్కితే ఆ వేడి బిడ్డకీ చేరుతుంది. నా ఫ్రేముకి, వీపుకి మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ. నా వీపు చల్లగా ఉండాలని కంపెనీవాళ్లు వదిలిన ఖాళీ అది, పిల్ల వెచ్చగా ఉండాలని కాదు. అప్పటి నుంచి డిసెంబరు, జనవరుల్లో పాత నేతచీర సగానికి చింపి కట్టుకుంటున్నాను. పైన ఇద్దరికీ కలిపి ఒకటే శాలువా. ఫ్రేము ఎండాకాలానికి.

ఎండాకాలం వెళ్తే రైల్లోనే. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఆరు డిగ్రీల పైచిలుకు తగ్గుతుందని పాఠంలో చెప్పేదాన్ని. ఏప్రిల్లో విశాఖ ఉక్కపోత నుంచి అరకు స్టేషన్లో దిగితే ఆ పాఠం ఒంటికి తెలుస్తుంది. కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడం కోసం కొండల్ని తొలిచి వేసింది. 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషను బోర్డు మీద ఎత్తు 996 మీటర్లని రాసి ఉంటుంది. అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా ఉంది గానీ, చిన్నితో నాకు మామూలు పెట్టే ఇష్టం. సొరంగం రాగానే పెట్టె మొత్తం కేకలు పెడుతుంది కదా, ఆ కేకలో దాని గొంతు కలవాలి. మొదట్లో చీకటి పడగానే నా మెడ పట్టుకునేది. ఇప్పుడు సొరంగం అయిపోతే "మళ్లీ" అని ఇంజనుకి ఆర్డరు వేస్తుంది. 58 ఉన్నాయి కాబట్టి ఆ కోరిక తీరుతుంది.

రైలు ఇంకో కారణానికి కూడా మంచిది. రెండేళ్లు దాటే దాకా చిన్నికి ఘాటు రోడ్డు మలుపులు పట్టలేదు. ఆ తర్వాత మొదలయ్యాయి వాంతులు. రెండేళ్లలోపు పిల్లలకి ప్రయాణంలో కడుపు తిప్పడం అరుదట, ఆ వయసు దాటాక మొదలవుతుందని డాక్టరుగారు చెప్పారు. కారులో వెళ్లాల్సి వస్తే ఎస్.కోటలో ఆగి ఒక ఇడ్లీ పెట్టి, పాలు మానిపించి, అక్కడి నుంచి మెల్లగా ఎక్కుతాం. సెల్‌ఫోను చూపిస్తే మాత్రం రెండో మలుపుకే అయిపోతుంది.

మార్చి, ఏప్రిల్లో ఒక మంచి వాన పడితే వారం పది రోజులకి కాఫీ తోటలన్నీ ఒకేసారి పూస్తాయి. కొమ్మకొమ్మకీ తెల్లటి గుత్తులు, దగ్గరికెళ్తే మల్లెల వాసన. రెండు మూడు రోజులే, తర్వాత రాలిపోతాయి. సిల్వర్ ఓక్ నీడ కింద, మిరియాల తీగలు పాకిన మానుల మధ్య నడక. చంటిపిల్లకి ఎండాకాలంలో ఇంతకన్నా మంచి దారి నాకు తెలీదు. అక్కడ ఫ్రేము పనికొస్తుంది, వెనక నుంచి గాలాడుతుంది. కాకపోతే దాని మొహం నాకు కనపడదు. అందుకే మా ఆయన ఎప్పుడూ నా వెనకే నడవాలి, బుగ్గలు కందాయా, టోపీ ఉందా, నీళ్లు తాగిందా అని చూస్తూ. చైత్రంలో ఇటుకల పండగ వస్తే ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, పాట పాడి, డబ్బులిస్తేనే వదులుతారు. చిల్లర తీసుకెళ్లండి. చిన్ని ఒకసారి నాణెం ఇచ్చి వాళ్ల పాటకి గెంతింది. తర్వాత దారిలో ప్రతి వెదురు కర్ర దగ్గరా ఆగమంది.

వానాకాలమే దాని అసలు కాలం. తొలకరికి మా ఊరి పక్క కంబాలకొండలో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి, ఎర్రటి మఖమలు ముక్కలు నేల మీద నడుస్తుంటాయి. అనంతగిరి దగ్గర రోకలిబండ పురుగు. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటుంది, వదిలేస్తే కాసేపటికి విప్పుకుని నడుస్తుంది. చిన్నికి అది చాలు. జలపాతం మోత వినపడుతుంటే మేం ఈ పురుగు పక్కన గొంతుకూర్చుని ఉంటాం. జలపాతాల్ని వానల్లో దూరం నుంచే చూస్తాం. కటికి లాంటి చోట్ల బండలు పాకుడు పట్టి ఉంటాయి, పైన ఎక్కడో పడ్డ వానకి కింద నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. అక్కడ మాకు బేరాల్లేవు.

రెయిన్ కవరు కప్పితే లోపల ఆవిరి పట్టి పిల్ల తడిసిపోతుంది. కాబట్టి గొడుగే. నేను ముందు, వీపు మీద చిన్ని, వెనకాల మా ఆయన దాని నెత్తిన గొడుగు పట్టుకుని. చూసేవాళ్లకి అమ్మవారి ఊరేగింపులా ఉంటుంది. ఇక అమ్మ చెప్పిన దోమలు: ఏజెన్సీలో మలేరియా ఉంది, అది తేలిగ్గా తీసుకునే మాట కాదు. ఆ దోమ కుట్టేది చీకటి పడ్డాక. అందుకని వానల్లో పైన రాత్రి ఉండం, నిండు చేతుల చొక్కా, పొడుగు పైజామా, పొద్దు వాలేలోపు కొండ దిగిపోవాలి. ఆ తర్వాత జ్వరమొస్తే కొండకెళ్లొచ్చామని డాక్టరుకి ముందే చెప్పాలి, రక్తపరీక్ష చేయిస్తారు.

పోయిన అక్టోబరు, నవంబరుల్లో లెక్కంతా తిరగబడింది. అరకు చుట్టూ వలిసె పూలు పసుపచ్చగా విచ్చుకున్న రోజుల్లో చిన్ని "దించు" అంది. దిగింది. మళ్లీ ఎక్కనంది. గట్టు మీద నడక, ప్రతి రాయికీ పరామర్శ. మేం పది నిమిషాల్లో నడిచేది దానికి గంట పైనే. చేను యజమాని లోపలికెళ్లడానికి డబ్బులడిగాడు, ఇచ్చాం. పూలల్లో నడిస్తే ఆయన గింజలే కదా పోయేది, నూనె గింజల పంట అది, ఫొటోలకి వేసింది కాదు. చిన్ని గట్టు దాటలేదు, తేనెటీగలకి భయపడి. దానికి చెమటలు పట్టి బనీను తడిసింది, మార్చాం. దాని వేగంతో నడిచిన నాకేమో వణుకు. మూడేళ్లలో మొదటిసారి నాకోసం ఒక స్వెట్టరు మోసుకెళ్లాలని అప్పుడే తెలిసింది.

ఫ్రేము క్యారియర్ని విజయనగరంలో మా పిన్ని కూతురికి ఇచ్చేశాను, వాళ్లబ్బాయికి మెడ నిలిచింది. చీరముక్క ఇవ్వలేదు. చిన్ని ఇంకా సాయంత్రానికి కాళ్లు లాగి "ఎత్తుకో" అంటుంది, దానికి కావాలి. ఈ డిసెంబరుకి అమ్మ కూడా వస్తానంటోంది. మోకాళ్లు నొప్పులు కాబట్టి రైలు, స్టేషన్ నుంచి ఆటో, కాఫీ తోటలో చదునుగా ఉన్న దారి. షరతులు మాత్రం ముందే చెప్పేసింది: గుంటకి చోడి (రాగి) జావ తనే కాచి ఫ్లాస్కులో తెస్తుంది, దానికి అన్నం తనే పెడుతుంది, నేను ఆ పురుగుల్ని ముట్టుకోనివ్వకూడదు. మొదటి రెండిటికీ ఒప్పుకున్నాను.