నడిచే రోబోకి ముందు వైరింగ్, తర్వాతే కోడ్

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల టైమ్ వచ్చిందంటే చాలు, పిల్లలు నాలుగు కాళ్ల రోబోని అట్టపెట్టెలో పెట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. అందరిదీ ఒకటే మాట. "అన్నా, చేత్తో పైకి పట్టుకుంటే కాళ్లు బ్రహ్మాండంగా ఆడతాయి, కింద పెడితే కూలబడుతుంది, కోడ్‌లో ఏదో తేడా ఉంది" అంటారు. రాత్రంతా కూర్చుని కోడ్ మార్చి మార్చి టెన్షన్ పడి ఉంటారు పాపం. చాలాసార్లు కోడ్‌లో ఏమీ ఉండదు, కరెంటు వెళ్లే దారిలో ఉంటుంది తేడా అంతా.

చక్రాల బండి ఆగితే దాని మోటార్లు కరెంటు తీసుకోవు. కాళ్ల రోబో అలా కాదు, ఊరికే నిలబడినా సర్వోలు, అంటే కీళ్లని చెప్పిన కోణంలో పట్టి ఉంచే చిన్న మోటార్లు, బరువు మోస్తూనే ఉంటాయి, కరెంటు లాగుతూనే ఉంటాయి. ఒక కాలు ఎత్తితే దాని బరువు మిగతా మూడింటి మీద పడుతుంది, ట్రాట్ నడకలో అయితే రెండు కాళ్లు ఒకేసారి లేస్తాయి కాబట్టి మొత్తం బరువు రెండిటి మీదే. పిల్లలు ఎక్కువగా వాడే ఎంజీ996ఆర్ సర్వో 6 వోల్టుల దగ్గర పూర్తిగా బిగుసుకుంటే 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. 12 సర్వోలంటే 30 ఆంపియర్లు. అన్నీ ఒకేసారి బిగుసుకోవు, నిజమే, కానీ పడుకున్న రోబోని లేపేటప్పుడు తుంటి దగ్గరివీ మోకాలి దగ్గరివీ కలిపి ఎనిమిది ఒక్కసారిగా బరువెత్తుతాయి. దానికి వీళ్లు పెట్టుకొచ్చేది ఎల్ఎం2596 బక్ కన్వర్టర్, అంటే బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే చిన్న బోర్డు, దాని గరిష్ఠం 3 ఆంపియర్లు. రొయ్యల గుంటల మీద ఏరేటర్లన్నీ ఒకేసారి ఆన్ చేస్తే ఇంట్లో లైటు మసకబారుతుంది చూడండి, ఇక్కడా జరిగేది అదే. వోల్టేజీ ఒక్కసారి జారగానే అదే లైను మీదున్న ఈఎస్‌పీ32, అంటే కోడ్ నడిపే కంట్రోలర్ బోర్డు, రీసెట్ అవుతుంది, కోడ్ మొదటినుంచి నడుస్తుంది, మళ్లీ లేవబోతుంది, మళ్లీ పడుతుంది. బోర్డు పంపే మెసేజీలు కంప్యూటర్లో చూపించే సీరియల్ మానిటర్‌లో 'బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగ్గర్డ్' (వోల్టేజీ మరీ తగ్గిపోయిందని) కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మల్టీమీటర్ పెట్టి చూద్దాం రండి అంటే అందరూ కన్వర్టర్ స్క్రూల మీదే పెడతారు. అక్కడ కాదు. అన్నిటికంటే దూరంగా ఉన్న కాలి సర్వో కనెక్టర్ వెనక ప్రోబులు గుచ్చి, రోబోని లేవమనండి. మొన్న ఒకదానికి పడుకున్నప్పుడు 6.0 చూపించింది, లేచేటప్పుడు 4.6కి జారింది. తర్వాత ఒక ప్రోబు కన్వర్టర్ ప్లస్ మీద, ఇంకోటి సర్వో ప్లస్ మీద పెట్టి మళ్లీ లేపండి, అక్కడ కనిపించే అంకె వైరులోనే పోతున్న వోల్టేజీ. ఇదే పని మైనస్ వైపు కూడా చెయ్యాలి, దీన్ని దాదాపు ఎవరూ చెయ్యరు. గ్రౌండ్ వైరులో, అంటే ఆ మైనస్ వైరులో, అర వోల్టు పోయిందంటే సర్వో కంటికి కంట్రోలర్ పంపే 3.3 వోల్టుల సిగ్నల్ 2.8 లాగే కనిపిస్తుంది, కాళ్లు వణికేది చాలావరకు అందుకే.

బ్రెడ్‌బోర్డు జంపర్ వైరు లోపల రాగి వెంట్రుకలంత సన్నగా ఉంటుంది. 28 గేజ్ అయితే మీటరుకి దాదాపు 0.21 ఓమ్. పోనూ రానూ 40 సెంటీమీటర్లు అనుకుంటే 5 ఆంపియర్లకే 0.4 వోల్టు పైన పోతుంది, ఇక పిన్నుల దగ్గర పోయేది అదనం. కాస్త కరెంటు దాచుకుని అవసరానికి ఇచ్చే కెపాసిటర్ పెడితే సరిపోదా అని అడుగుతారు. 1000 మైక్రోఫారడ్‌ది 10 ఆంపియర్లు ఇస్తే మిల్లీసెకనులో పదో వంతుకే ఒక వోల్టు పడిపోతుంది. సర్వో బరువు మోసేది సెకన్ల పాటు. కెపాసిటర్ చిన్న చిన్న కుదుపులకే, సన్న వైరుకి అది మందు కాదు.

నేను చేయించేది ఇలా ఉంటుంది. కంట్రోలర్‌కి ఒక చిన్న కన్వర్టర్, సర్వోలకి వేరే పెద్దది, కనీసం 20 ఆంపియర్లది, రెండింటి గ్రౌండ్ మాత్రం ఒక్క చోట కలపాలి. పెద్ద కన్వర్టర్ నుంచి ఒక్కో కాలికి విడిగా ప్లస్ మైనస్ జత వెళ్లాలి, ఒక కాలి నుంచి ఇంకో కాలికి లాగొద్దు. మెయిన్ వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకుండా, బ్యాటరీ ప్లస్ దగ్గరే 15 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు. దీనికోసం ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే చెన్నై రిచీ స్ట్రీట్ దాకా పోనక్కర్లేదు, కార్లకి వైరింగ్ చేసే ఏ షాపులో అడిగినా ఫ్యూజు, హోల్డరు, మెత్తటి మల్టీ స్ట్రాండ్ వైరు ఇస్తారు. సర్వోల్ని అర సెకను తేడాతో ఒక్కొక్కటే ఆన్ చెయ్యండి, ఇదొక్కటి కోడ్‌లో చెయ్యాల్సిన పని. మోకాలి దగ్గర వైరుకి కాస్త వంపు వదిలి, సోల్డర్ పెట్టినచోటికి కొంచెం ఇవతల జిప్ టై బిగించాలి, లేకపోతే వంగి వంగి సరిగ్గా సోల్డర్ అయిపోయే అంచు దగ్గరే తెగుతుంది, పైన హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగిసే ప్లాస్టిక్ గొట్టం) ఉంటే తెగినట్టు బయటికి కనిపించదు కూడా.

బ్యాటరీ గురించి గట్టిగా చెప్తాను. రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నిండా చార్జయితే 8.4 వోల్టులు, ఎంజీ996ఆర్‌కి హద్దు 7.2, కాబట్టి నేరుగా కలపొద్దు. సెల్ 3.3 వోల్టులకి దిగగానే ఆపెయ్యండి, 3 దాటి దిగితే పాడవుతుంది. ఉబ్బినదాన్ని మళ్లీ చార్జింగ్‌కి పెట్టొద్దు, డెమో రేపే అయినా సరే. మే నెల ఎండల్లో బైకు డిక్కీలో వదిలెయ్యకండి. వాడనప్పుడు సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచి నీడపట్టున, కాలే సామాన్లకి దూరంగా పెట్టండి.