ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ‘బ్రేక్ స్టఫ్’

ధవళేశ్వరంలో మొదలుపెట్టి ఏకబిగిన వింటే పియానిస్టు విజయ్ అయ్యర్ జాజ్ ఆల్బమ్ ‘బ్రేక్ స్టఫ్’ అంతర్వేది చేరకముందే అయిపోతుంది. 12 ట్రాకులు, సుమారు 70 నిమిషాలు. మేం అలా వినలేదు. డెల్టాలో ఒక్కో చోటి చప్పుడు ఒక్కో వాయిద్యాన్ని మింగేస్తుంది కాబట్టి, ఏ ట్రాకు ఎక్కడో ముందే అనుకుని బయల్దేరాం.

ఇది 2014 జూన్‌లో న్యూయార్క్ అవతార్ స్టూడియోలో రికార్డయి, 2015లో ఈసీఎం అనే రికార్డు సంస్థ ద్వారా వచ్చింది. పియానో అయ్యర్, బాస్ స్టెఫాన్ క్రంప్, డ్రమ్స్ మార్కస్ గిల్మోర్. గిల్మోర్ స్వయానా డ్రమ్మర్ రాయ్ హేన్స్ మనవడు. అయ్యర్ అమెరికాలో తమిళ కుటుంబంలో పుట్టాడు. పసితనం నుంచి వయొలిన్ నేర్చుకున్నాడు, పియానో చాలావరకు సొంతంగా పట్టుకున్నాడు. లయను మనిషి ఒంటితో ఎలా గ్రహిస్తాడన్నది బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఆయన పీహెచ్‌డీ విషయం. ఈ ఆల్బమ్‌ని కూడా చేత్తో తాళం వేస్తూ వినాల్సిందే. చెవులొక్కటే చాలవు.

ఫైళ్లు ముందే దించుకోవాలి. లంకల దగ్గర సిగ్నల్ పడిపోతే పాట మధ్యలో తెగుతుంది, తెగిన లయను మళ్లీ అందుకోవడం కష్టం. చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు మేలు. ఇయర్‌బడ్స్ అయితే రబ్బరు తొడుగు చెవికి సరిపోవాలి. సందు ఉంటే ముందు పోయేది క్రంప్ బాసే.

బ్యారేజీకి 175 గేట్లు. వరద రోజుల్లో గేట్లెత్తితే ఆ హోరులో డ్రమ్స్ పక్కనుండే సింబల్స్ సన్న చప్పుడు వినపడదు, అందుకే చలికాలంలో వెళ్లాలి. గట్టు మీద ‘స్టార్లింగ్స్’, ‘కోరల్’ విన్నాం. స్టార్లింగ్స్ మన గోరువంకల కుటుంబానివే. ఈ పాటా, ‘గీస్’, ‘రెన్స్’ అనే మరో రెండు పక్షుల పాటలూ రచయిత తేజు కోల్‌తో కలిసి అయ్యర్ చేసిన ‘ఓపెన్ సిటీ’ అనే పెద్ద బృంద రచన నుంచి వచ్చాయి.

రావులపాలెం వైపు హైవే మీద కార్లో ఒక్క ‘వర్క్’ మాత్రమే పెట్టాం. జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ బాణీ అది. ముఖ్యమైనదంతా పియానో నడిమి స్థాయిలో ఉంటుంది కాబట్టి టైర్ల రొదలో కింది స్వరాలు పోయినా బాణీ నిలబడుతుంది. మిగతావి కార్లో వద్దు. ఈసీఎం రికార్డింగుల్లో నెమ్మది చోట్లు మరీ నెమ్మదిగా ఉంటాయి. వినపడలేదని వాల్యూమ్ పెంచితే తర్వాతి డ్రమ్ దెబ్బ చెవులు పగలగొడుతుంది.

అసలు పని పి.గన్నవరంలో. అక్కడ అక్విడెక్టు మీద కాలువ, దాని కింద గోదావరి పాయ వైనతేయ. పై నీరు ఒక నడక, కింది నీరు ఇంకో నడక. ‘హుడ్’ని అక్కడే కూర్చుని వినాలి. టెక్నో అనే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం చేసే డెట్రాయిట్ కళాకారుడు రాబర్ట్ హుడ్‌కి అంకితమిచ్చిన ట్రాకు ఇది. చిన్న చిన్న ముక్కలు మళ్లీ మళ్లీ వస్తూ ఒకదాని మీద ఒకటి జరుగుతుంటాయి. చాలామంది పియానో కుడిచేతి వెంట పడి ఒకటో దెబ్బ ఎక్కడో పోగొట్టుకుంటారు. ముందు బాస్ మీద చెయ్యి నిలపండి, అది కుదిరాకే డ్రమ్స్ వైపు వెళ్లండి, పియానో ఆఖరున. ఒకే ట్రాకుని ఇలా మూడు విడతలు వినడం దండగ కాదు.

‘మిస్టరీ ఉమన్’ నడకలు దక్షిణాది మృదంగ సంప్రదాయానికి రుణపడినవి, అందుకని దానికి మనకో దారి ఉంది. ఎడమచేత్తో తకిట (3 అక్షరాలు), కుడిచేత్తో తకధిమి (4 అక్షరాలు), రెండూ ఒకే వేగంలో, ‘త’ మీద మాత్రమే దెబ్బ పడేలా వేయండి. 12 అక్షరాలకు ఒకసారి రెండు చేతులూ కలుస్తాయి: ఎడమచెయ్యి 4 దెబ్బలు, కుడిచెయ్యి 3. తడబాటు ఎప్పుడూ కుడిచేతి రెండో దెబ్బ దగ్గరే, అంటే 5వ అక్షరం మీద. అది ఎడమచేతి రెండో దెబ్బ పడ్డ మరుక్షణమే వస్తుంది, చేతులు రెండింటినీ కలిపేయబోతాయి. నోటితో 12 లెక్క ఆపకుండా ఉంటే తాళం తప్పదు. ఇది చేతికి వచ్చాక ట్రాకు పెట్టండి. ముగ్గురూ విడిపోయారనిపించిన చోట కూడా అడుగున లెక్క చెదరలేదని తెలుస్తుంది. నా దృష్టిలో ఈ ఆల్బమ్ సాహసం అదే.

రాత్రి రాజోలులో ‘బ్లడ్ కౌంట్’. జాజ్ స్వరకర్త బిల్లీ స్ట్రేహార్న్ 1967లో ఆసుపత్రిలో ఉండగా పూర్తిచేసిన ఆఖరి రచన ఇది, ఇక్కడ అయ్యర్ ఒక్కడే వాయిస్తాడు. ఫ్యాను ఆపాలి. స్వరం పెడల్ మీద సాగి సన్నగిల్లే భాగాన్ని ఫ్యాను గాలి కప్పేస్తుంది. ఐదు నిమిషాల లోపే కాబట్టి ఉక్కబోతా దోమలూ ఓర్చుకోవచ్చు.

సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కాక హెడ్‌ఫోన్లు తీసేయడమే మంచిది. డీజిల్ ఇంజిను దడదడ ఒంటికి ఎక్కి పాట లయను తోసేస్తుంది. ఆ ఇంజిను దెబ్బ మీదే తకిట వేస్తూ నరసాపురం ఒడ్డు దాకా సాధన చేసి, తిరుగు పంటులో వచ్చాం.

అంతర్వేది సాగరసంగమం దగ్గర గాలి జోరు. చప్పుడు తగ్గించే సదుపాయమున్న హెడ్‌ఫోన్లు అక్కడ ఎదురు తిరుగుతాయి. బయటి మైకుల్లో గాలి కొట్టి బుసలు వినిపిస్తుంది. ఆ మీట ఆపి, సరుగుడు చెట్ల వెనక్కి జరిగితే సరిపోతుంది. అక్కడ ‘కౌంట్‌డౌన్’ విన్నాం. దానికి ముందు శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ ‘జెయింట్ స్టెప్స్’లోని అసలు పాట వినండి, రెండున్నర నిమిషాల లోపే. అది తెలియకపోతే అయ్యర్ దేన్ని విడదీసి మళ్లీ కట్టాడో పట్టుబడదు.